మాళ తీసిన ఎండాకాలం

నేను అనుమానం మనిషిని. పాలు పోయించుకుంటే చెంబు వంచి చూస్తాను, ఎవరైనా ఊరికే నవ్వితే వెనక్కి తిరిగి చూస్తాను. మా అత్త గంగుబాయి బతికున్నప్పుడు, "దీని ముందట దేవుడు ప్రత్యక్షమైనా ఏ ఊరు నీది అని అడుగుతది" అనేది. అందుకని ఆ ఏడు హోలీ పోయిన శనివారం మా మామ భోజన్న మెడలోని తులసిమాళ తీసి, దేవుడి గూటి పక్కన కొయ్యకు తగిలించి, బిలోలి బజారుకు బస్సెక్కినప్పుడు నా కళ్లు ఆ కొయ్య దగ్గరే ఆగిపోయాయి.

మా వైపు మాళకరి అంటే చిన్న మాట కాదు. పండరి విఠోబా పేరుమీద తులసిపూసలు మెడలో వేసుకున్నవాడు మాంసం ముట్టడు, మందు ముట్టడు. స్నానానికీ తీయడు, జ్వరమొచ్చినా తీయడు. మాళ తీశాడంటే నోట్లోకి పోకూడనిది ఏదో పోతోందనే లెక్క. మామ ముప్పై ఏళ్లుగా మాళకరి. ఊళ్లో భజనల సప్తాహం జరిగితే మొదట వీణ అందుకునేది ఆయనే.

సాయంత్రం తిరిగి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే దగ్గరికి పోయి వాసన చూశాను. కల్లు వాసన నాకు తెలుసు, ఇప్పసారా వాసనా తెలుసు. ఇది రెండూ కాదు. పులిసిన గంజిలో వేపాకు నలిపినట్టుంది. మరునాడు మారోతి పెళ్లాం విమలాబాయి ఆ వాసన పేరు చెప్పింది.

"మామ బీరు తాగుతుండట గదా అక్కా. బిలోలి స్టాండు కాడ కొత్త దుకాణం పెట్టిండ్రు. మా ఇంటాయన కండ్లార చూసిండు."

మారోతి మా మామ తమ్ముడి కొడుకు. నా పెనిమిటి శివన్న పోయి మూడేళ్లు, అత్త పోయి రెండేళ్లు. నాకు పిల్లలు లేరు. ఇంట్లో మామ, నేను, రెండెడ్లు. ఊరికి పడమర బావి చేను ఒకటి, దాని మీదే మా బతుకు. మారోతి ఎప్పుడు వచ్చినా ముందు చేను వైపు చూసి, తరువాత నా వైపు చూసి, "వదినా, పుట్టింటికి పోయి చాన రోజులైంది గదా" అనేవాడు. మర్యాదగానే అనేవాడు. ఆ మర్యాదే నాకు గిట్టేది కాదు. మామ కన్ను మూస్తే ఆ చేను మారోతిదేనని, నేను సంచి సర్దుకోవాల్సిందేనని ఊళ్లో అందరూ ఎప్పుడో అనేసుకున్నారు.

కాబట్టి నా అనుమానం తిన్నగా మారోతి మీదికే పోయింది. ముసలాయనకు తాగుడు అలవాటు చేసి, మత్తులో ఉన్నప్పుడు ఏ కాగితం మీదనో సంతకం పెట్టించుకుంటాడని. రెండో శనివారం మారోతే మామను భుజం మీద చెయ్యేసి నడిపించుకొచ్చి గడపలో కూర్చోబెట్టాడు.

"జర ఎక్కువైంది వదినా. ఏమనకు, పెద్దమనిషి" అన్నాడు, వీధంతా వినబడేటట్టు.

చైత్రం దాటేసరికి మామ వింతలు ఎక్కువయ్యాయి. రొట్టె తిని చెయ్యి కడుక్కుని, ఆ తడి ఆరకముందే, "ఇంక రొట్టె పెట్టవా కోడలా?" అన్నాడు. ఒకరోజు ఎడ్లను తోలుకుని ఎన్నడో అమ్మేసిన నల్లచేనుకు పోయి, గట్టు మీద నిలబడి అటూ ఇటూ చూస్తుంటే అక్కడి కూలోళ్లు తీసుకొచ్చి దిగబెట్టారు. తాగుడు నెత్తికెక్కింది అన్నారు అందరూ. నేనూ అదే అన్నాను. కానీ ఒక్కటి పంట్లో ఇరికిన పీచులా ఉండిపోయింది. శివరాత్రి నాడు, మాళ ఇంకా మెడలో ఉండగానే, ఆయన నన్ను "గంగూ, మంచినీళ్లియ్యి" అని పిలిచాడు. అత్త మీద బెంగ అనుకుని అప్పుడు ఊరుకున్నాను.

తాగుడొక్కటే అయితే అంత బాధ ఉండకపోయేది. తిండి కూడా మార్చాడు.

"రేపటి సంది నెయ్యి వద్దు బిడ్డా. పొద్దుగాల నానబెట్టిన పల్లీలు పెట్టు. దినాం ఏదన్న ఆకుకూర జెయ్యి. పెసర్లో, కందులో ఉడకెయ్యి. ఉప్పు జర తగ్గియ్యి."

"గిదంత ఎవరు చెప్పిండ్రు మామా?"

"ఎవరు చెప్తరు. కడుపు చెప్పింది."

తెల్లారి లేచి చేనుదాకా నడిచిపోయి రావడం ఒకటి మొదలైంది. బీరు తాగేవాడికి పుంటికూర మీద ఇంత ప్రేమేమిటి? అరవై దాటిన మగవాడు ఉన్నట్టుండి ఒళ్లు చూసుకుంటున్నాడంటే, దాని వెనక ఒక ఆడదైనా ఉండాలి, ఒక కోర్టైనా ఉండాలి. బిలోలి ఆడవాళ్లలో ఎవరై ఉంటారా అని కూడా ఆలోచించాను, ఇప్పుడు నవ్వొస్తుంది.

పశువుల కొట్టంలో ఎవరితోనో మాట్లాడుతున్నాడని ఒక పొద్దున గోడకు చెవి పెట్టాను. అక్కడ ఎడ్లు తప్ప ఎవరూ లేరు. మామ తండ్రి పేరు, తాత పేరు, అన్నదమ్ముల పేర్లు వరసగా చెప్పుకుంటున్నాడు. ఒకచోట ఆగిపోయి మళ్లీ మొదటికి వచ్చాడు. చేతబడి చేసేవాళ్లు ఇలాగే పేర్లు చెబుతారని విన్నాను.

ఇక పట్టలేక అడిగేశాను.

"మామా, నువ్ బీరు తాగుతున్నవా లేదా?"

ఆయన వాకిట్లోకి వచ్చి మరీ చెప్పాడు. "తాగుతున్న. అయితే ఏంది? నా పైసలు, నా నోరు."

ఎదురింటి కాశీబాయి చాట పక్కన పెట్టి చూసింది. నాకు సిగ్గుతో ముఖం మాడిపోయింది. ఆ వెనకే ఇంకో ఆలోచన వచ్చింది. తప్పు చేసినవాడు గొంతు తగ్గిస్తాడు. ఈయన పెంచాడెందుకు?

తరువాతి శనివారం ఆయన వెళ్లిన బస్సు వెనక బస్సు పట్టుకుని బిలోలి పోయాను. మిరపకాయలు కొనేదానిలా సంచి చేతబట్టి, కొంగు ముఖం మీదికి లాగి బజారంతా తిరిగాను. మామ ముందు తహశీల్ కచేరీలోకి పోయి చాలాసేపటికి వచ్చాడు. అక్కడినుంచి డాక్టరు దవాఖానాకు పోయాడు. ఆ తరువాతే స్టాండు దగ్గరి దుకాణం వెనక వేపచెట్టు కింద రామకిషన్ పక్కన కూర్చున్నాడు. రామకిషన్ ఫౌజులో హవల్దారుగా చేసి పింఛన్ మీద వచ్చినవాడు, మామకు బాల్యమిత్రుడు. పొట్టులో పెట్టిన బర్ఫ్ గడ్డల మధ్యనుంచి ఒక సీసా తెప్పించారు. మామ సగం గ్లాసు తాగాడు, చేదుమందు తాగినట్టు కళ్లు మూసుకుని. మిగతాదంతా రామకిషన్ తాగాడు. సీసా అడుగున కొంచెం ఉంచితే, మామ దాన్ని దోసిట్లో పోసుకుని తన అంగీ మీద, పైకండువా మీద చిలకరించుకున్నాడు. పూజలో నీళ్లు చల్లుకున్నంత శ్రద్ధగా చిలకరించుకున్నాడు.

లేచి స్టాండు వైపు నడిచాడు, నిటారుగా. అవతల మారోతి కనబడ్డాడు. అంతే, మామ కాళ్లు మెలిక పడ్డాయి, తల వేలాడింది.

తాగినవాళ్లను నేను బోలెడుమందిని చూశాను. ఎవడైనా తిన్నగా నడిచినట్టు నటిస్తాడు. తూలినట్టు నటించినవాణ్ణి అదే మొదటిసారి చూడటం.

మర్నాడు పొద్దున చేను దగ్గర, బావి గట్టు మీద కూర్చుని ఉంటే పల్లీల గిన్నె ముందు పెట్టి అన్నాను.

"మామా, నువ్ తాగుతలేవు."

"సగం గిలాస తాగుత."

"మిగిలింది నీ అంగీ తాగుతది."

ఆయన ఉలిక్కిపడి నన్ను చూశాడు. తరువాత నవ్వాడు. అత్త పోయినాక ఆయన నవ్వడం నేను చూడలేదు.

"ఎనుకనే అచ్చినవా? నువ్ పోలీసుల ఉండవలసినదానివి."

"ఎందుకు గిదంత?"

పల్లీలు ఒక్కొక్కటే నమిలాడు. "మతి పోతున్నది బిడ్డా" అన్నాడు. బావిలో నీళ్లు తగ్గాయి అన్నట్టే అన్నాడు. "పేర్లు జారిపోతున్నయి. ఒక్కోపారి తొవ్వ జారిపోతున్నది. రామకిషన్‌కు చెప్పుకున్న. ఫౌజుల పెద్ద డాక్టరు అనెటోడట, ముసలితనంల జరంత బీరు తాగినోని తల చెడదని. మునిగెటోడు గడ్డిపోచ పట్టుకున్నట్టు, మాళ తీసి పెట్టి పోయిన."

"మరి బిలోలి డాక్టరు ఏమన్నడు?"

"నవ్విండు. బీరుతోని మతి నిలుస్తదని చెప్పెటోళ్లున్నరు, చెడుతదని చెప్పెటోళ్లున్నరు, నేనైతే రాసియ్యను అన్నడు. ఎక్కువ తాగితే ఉన్నది గూడ పోతదన్నడు. ఆకుకూరలు తిను, పప్పులు తిను, నడువు, నలుగురితోని మాట్లాడు. నయమైతదని గాదు, జర మెల్లగ పోతదేమో అన్నడు."

"మరి తాగుడెందుకు ఇంక?"

"మొదటి శనివారం వాపసు అచ్చేటప్పుడు మన ఊరు స్టాండు మర్చిపోయిన. దిగకుంట కూసున్న. మారోతి చెయ్యి పట్టి దింపిండు. దింపి వాసన చూసి నవ్విండు. తెల్లారేసరికి ఊరంత చెప్పిండు, పెద్దబాపు తాగి స్టాండు గూడ మర్చిపోయిండని. నేను అప్పుడు అనుకున్న, గిదే మంచిగున్నది అని."

నాకు అర్థం కాలేదు. అర్థం చేసుకోవడం ఇష్టం లేకపోయిందేమో.

"బావి చేను నీకు ఇస్తున్నట్టు నీ పేర బక్షీస్‌పత్రం చేస్తున్న. చేను కాగితం, సాత్‌బారా మీద నా తమ్ముని పేరు ఇంక నడుస్తున్నది. భూముల లెక్క రాసె తలాఠీ అది కొట్టేసినంకనే రిజిస్ట్రీ. తాగుబోతు సంతకం మత్తు దిగినంక చెల్లుతది బిడ్డా. మతి లేనోని సంతకం ఎన్నడు చెల్లది. మారోతికి నా మతి సంగతి ఎరుకైతే, కోర్టుకు పోయి నిలబడుతడు. నువ్ ఎక్కడికి పోతవు?"

నాకు ముందు కోపమే వచ్చింది. ముప్పై ఏళ్లు విఠోబా పేరు మోసిన మనిషి వెనకపడి ఊళ్లో పిల్లలు కూడా తూలినట్టు నడిచి చూపిస్తున్నారు, నాకోసమా ఇదంతా అని. ఏడుపు తరువాత వచ్చింది.

"నాకు చెప్తే ఏమైతుండె?"

"నీకు చెప్తే తిట్టుడు బంద్ చేస్తవు. నువ్ తిట్టకపోతే ఊరు నమ్మది."

ఆ మాట నిజమే. ఆనాటినుంచి ప్రతి శనివారం సాయంత్రం వాకిట్లో నిలబడి మా మామను నేను తిట్టిన తిట్లు ఊరు ఇప్పటికీ చెప్పుకుంటుంది. "ముసలితనంల ముప్పొద్దుల కుడుములన్నట్టు, గీ వయసుల బీరు సీసాలా" అని మొదలుపెడితే కాశీబాయి పని ఆపుకుని వచ్చేది. లోపలికి పోయి తలుపు వేశాక మామ, "ఇయ్యాల మంచిగ తిట్టినవు" అనేవాడు. ఆదివారం నుంచి శుక్రవారం దాకా ఆకుకూర, పెసర్లు, నడక, చదువు. చదువంటే, కచేరీలో అడిగేవి నేను అడిగేదాన్ని. నీ పేరేంది, నీ బాపు పేరేంది, చేనుకు తూర్పున ఎవరు, పడమర ఎవరు. ఒకరోజు గడగడా చెప్పేవాడు. ఇంకోరోజు తూర్పు దగ్గరే ఆగిపోయేవాడు.

వైశాఖంలో సప్తాహం వచ్చింది. ఏడు రోజులు మందిరంలో వీణ కింద పెట్టకూడదు, ఒకరి చేతినుంచి ఒకరి చేతికి మారుతూ ఉండాలి. మొదటి వీణ ఎప్పుడూ మామది. ఆ ఏడు ఊరిపెద్ద పాటిల్ బాబురావు దాన్ని మారోతి మెడలో వేశాడు. మారోతి కూడా మాళకరే, ఆ సంగతి అంతకుముందు ఎవరికీ గుర్తుండేది కాదు. మామ మండపం బయట, చెప్పులు విడిచేచోట కూర్చుని తాళం వేశాడు. నేను ఆడవాళ్లలో కూర్చుని ఉన్నాను. లేచి నిజం అరవాలని నా ప్రాణం కొట్టుకుంది. కొంగు నోట్లో కుక్కుకున్నాను. విమలాబాయి నా వీపు నిమిరి, "ఏం జేస్తం అక్కా, నీ ఖర్మ" అంది. ఆ చెయ్యిని ఎలా భరించానో నాకే తెలియదు.

ఇంటికి వచ్చేటప్పుడు అడిగాను, "బాధ అయితలేదా మామా?"

"అయితది." కొంతదూరం నడిచాక అన్నాడు, "వీణ పట్టుకున్నంక అభంగం పాడుత నడుమల మర్చిపోయిన అనుకో. అందరికి ఎరుకైతుండె. చెప్పుల కాడ మర్చిపోతే ఎవరు చూస్తరు? రెండుసార్లు మర్చిపోయిన ఇయ్యాల."

వానలు తెచ్చే మిరుగు కార్తె ఇంకా రాలేదు. ఆకాశం మబ్బు పట్టి ఊరికే ఉరుముతున్న ఒక బుధవారం తలాఠీ దగ్గరనుంచి పని అయిందని రామకిషన్ కబురు తెచ్చాడు. మరునాడే పోయాం. మామ తలంటుకుని, ఉతికిన ధోతి కట్టి, కొయ్యకున్న మాళ తీసుకున్నాడు. ఒకసారి తీసిన మాళ, మహారాజు అని పిలిచే గురువు చేతుల మీదుగానే మళ్లీ వేసుకోవాలి. మామ మాత్రం తానే దాన్ని కళ్లకద్దుకుని మెడలో వేసుకున్నాడు.

రిజిస్ట్రీ కచేరీలో మా వంతు వచ్చేసరికి మారోతి తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. వెంట పాటిల్ బాబురావును తెచ్చుకున్నాడు. ఎవరు చెప్పారో ఈనాటికీ తెలియదు. నా అనుమానం ఇద్దరి మీద ఉంది, పేర్లు చెప్పను.

"సాహెబ్, మా పెద్దబాపుకు మతి లేదు" అన్నాడు మారోతి మరాఠీలో. "తిన్నది మర్చిపోతడు, చేను మర్చిపోతడు. ఊరంతకు ఎరుకే. పాటిల్‌ను అడుగుండ్రి."

సాహెబ్ కళ్లద్దాలు సర్దుకుని పాటిల్ వైపు చూశాడు. బాబురావు మంచివాడూ కాదు, చెడ్డవాడూ కాదు. తన మాట పోకూడదనుకునే మనిషి.

"మతి లేదని ఊళ్లె ఎవ్వరు అనంగ నేను వినలేదు సాహెబ్" అన్నాడు. "తాగుతడు. శనివారం శనివారం తాగుతడు, తాగినప్పుడు గట్లనే మాట్లాడుతడు. గీ మారోతే ఊరంత తిరిగి చెప్పిండు. అందుకనే గదా సప్తాహంల వీణ గుంజుకుని ఈనికిచ్చింది. తాగుడు గాదంటే, నేను ఎందుకు గుంజుకున్నట్టు?"

సాహెబ్ మామను దగ్గరికి పిలిచాడు. వాసన చూశాడేమో, మామూలుగా తల ఊపి ప్రశ్నలు మొదలుపెట్టాడు. పేరు చెప్పాడు మామ, తండ్రి పేరు చెప్పాడు. తూర్పున ఎవరు అని అడిగాడు సాహెబ్, ఇంట్లో మామ ఆగిపోయే చోటు అదే. చెప్పాడు. పడమర, ఉత్తరం, దక్షిణం, అన్నీ మరాఠీలోనే చెప్పాడు. చివరికి సాహెబ్ నా వైపు చూపించి, "హీ కోణ్?" అన్నాడు. ఈమె ఎవరు అని.

ఇంట్లో ఎన్ని అడిగానో. ఆ ఒక్కటి ఎన్నడూ అడగలేదు. అడగాలని తోచలేదు.

మామ నన్ను చూశాడు. చూస్తూనే ఉన్నాడు. ఆ చూపు నాకు తెలుసు, ఎక్కడో బయలుదేరి ఇంకా చేరని చూపు. మారోతి ఒక అడుగు ముందుకు వేశాడు. మామ చెయ్యి మెడ దగ్గరికి పోయి మాళ పట్టుకుంది.

"మాఝీ సూన్" అన్నాడు. నా కోడలు అని. ఆగి, తనంతట తానే మళ్లీ అన్నాడు, "నర్మద."

సంతకం పెట్టాడు. మారోతి వెళ్లిపోయాడు. రామకిషన్ బీరు తాగిస్తానన్నాడు గానీ మామ వద్దన్నాడు, చెరకురసం తాగాం.

తిరుగు బస్సులో వాన మొదలైంది. ఆ ఏటి మొదటి వాన. కిటికీ రెక్క దించాను. మామ నా పక్కన కళ్లు మూసుకుని కూర్చున్నాడు. నిద్రపోయాడనుకున్నాను. నా లోపల ఏదో తేలికై, ఎన్నడూ లేనిది, ఎవరిమీదా ఏ అనుమానమూ లేకుండా వాన చూస్తూ కూర్చున్నాను.

మామ కళ్లు తెరిచి నా వైపు వంగాడు. ఎవరూ వినకూడదన్నట్టు మెల్లగా అన్నాడు.

"గంగూ, బావి చేను కోడలికి రాసిచ్చిన. నిన్ను అడగకనే ఇచ్చిన. నీకు సమ్మతమే గదా?"

నేను ఆయన ముఖం చూశాను. సమాధానం కోసం నిజంగానే ఎదురు చూస్తున్నాడు. చేను ఇచ్చినవాడు, ఇస్తున్నప్పుడు సగం ప్రాణం బిగబట్టుకుని నా పేరు పట్టుకున్నవాడు, ఇప్పుడు పట్టు వదిలేశాడు.

"సమ్మతమే" అన్నాను.

"జర నువ్వే చెప్పు దానికి" అన్నాడు మామ మళ్లీ కళ్లు మూసుకుంటూ. "నేను చెప్తే నమ్మది. అనుమానం మనిషి."